గుట్టల మీదికి సైకిల్: మీ వ్యాసం చెప్పని లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో, పాత కోటల ఊళ్లలో సైకిల్ యాత్రల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు కళ్లకు ఇంపుగా ఉన్నాయి. సలహాలు మాత్రం మూడే: లక్ష రూపాయలకు తక్కువ కాని సైకిల్ కొనండి, కాళ్లలో సత్తువ పెంచుకోండి, నీళ్లు వెంట పెట్టుకోండి. మొదటిది అక్కర్లేదు. రెండోది సగమే నిజం. మూడోది ఎన్ని నీళ్లో చెప్పకపోతే ఎందుకూ పనికిరాదు. ఈ మాటలు నమ్మి బయల్దేరినవాళ్లు మొదటి ఎక్కుడులోనే దిగిపోయి, ఇది మనవల్ల అయ్యే పని కాదనుకుని సైకిల్‌ను బాల్కనీలో పడేస్తారు. ఎక్కడం ఎలా సాగుతుందో తేల్చేది చెయిన్ తిరిగే చక్రాలకు ముందూ వెనకా ఉన్న పళ్ల లెక్క. దిగడం ఎలా సాగుతుందో తేల్చేది బ్రేకులు. రెండూ ఇంటి దగ్గరే చూసుకోవాలి. దారిలో సర్దుకుందామంటే కుదరదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

ముందు పళ్ల సంగతి. మనిషి 70 కిలోలు, సైకిల్ 15, సామాను 12 అనుకుందాం. మొత్తం 97 కిలోలు. ఘాట్ రోడ్డు నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేస్తోంది, అంటే ఆరు శాతం. రోజూ కొద్దోగొప్పో సైకిల్ తొక్కే ఆరోగ్యవంతుడు గంటసేపు ఆపకుండా ఇవ్వగలిగేది 100 నుంచి 150 వాట్లు. పాలవాళ్లు వాడే మామూలు నల్ల సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 5.4 మీటర్లు పోతుంది. నిమిషానికి 40 చుట్లు ఈడ్చుకుంటూ తొక్కినా గంటకు 13 కిలోమీటర్ల వేగం. ఆ వేగంతో ఆరు శాతం ఎక్కుడు ఎక్కాలంటే 230 వాట్లు కావాలి. శిక్షణ లేనివాడికి కొద్ది నిమిషాల్లో కాలు ఆగిపోతుంది. అది అతని చేతగానితనం కాదు, 18 పళ్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం) చేసిన పని.

ఇప్పుడు మీ వ్యాసం సిఫారసు చేసిన లక్ష రూపాయల రోడ్ బైకును తీసుకోండి. ముందు చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద పళ్ల చక్రానికి 28. ఒక చుట్టుకు 2.5 మీటర్లు. నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే 165 వాట్లు దాకా కావాలి. వారం వారం శిక్షణ చేసేవాళ్లకు సరే, మిగతావాళ్లకు భారమే. దాని ధరలో ఎన్నో వంతుకో దొరికే 26 అంగుళాల గేర్ల సైకిలుకు ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాలు ఉంటాయి. 24కు 28 వేస్తే ఒక చుట్టుకు 1.8 మీటర్లు కూడా పోదు. అదే 60 చుట్లకు గంటకు 6.4 కిలోమీటర్లు, కావాల్సింది సుమారు 115 వాట్లు. పక్కవాడితో మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. బరువైన ఆ సైకిల్‌కు రెండు మూడు కిలోలు ఎక్కువ ఉంటే ఉండనివ్వండి, గుట్ట మీద అది పెద్ద లెక్కలోకి రాదు. అట్టపెట్టె మీద 21 గేర్లని రాసి ఉండటం కూడా లెక్కలోకి రాదు. అడుగున ఉన్న ఒక్క గేరు ఎంత తేలికో అదే అడగాలి. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే ఒకటి లోపు రావాలి, సామానుతో వెళ్తే 0.86 లోపు వస్తే మంచిది. దుకాణంలో మోకాళ్ల మీద కూర్చుని పళ్లు లెక్కపెట్టండి, ఎవరేమనుకున్నా సరే.

ఉన్న సైకిలునే తేలిక చేసుకోవచ్చు. ముందు 48, 38, 28 పళ్లున్న హైబ్రిడ్ సైకిలుకు వెనక 28కి బదులు 34 పళ్ల సెట్టు వేస్తే 1.0 నుంచి 0.82కు దిగుతుంది. కాకపోతే రెండు చోట్ల జాగ్రత్త. వెనక డిరెయిలర్ (చెయిన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) 34 పళ్లను మోయగలదో లేదో ముందే చూడాలి. పొట్టి కేజ్ (దాని చిన్న చక్రాలను పట్టుకునే చట్రం) ఉన్నదైతే దాని పైచక్రం వెనక పళ్లకు రాసుకుంటుంది. రెండోది చెయిన్ పొడవు. పాత చెయిన్‌నే ఉంచేసి పెద్ద చక్రం వేయిస్తే, ముందూ వెనకా పెద్ద చక్రాల మీదికి పొరపాటున మార్చిన క్షణం చెయిన్ బిగుసుకుపోయి డిరెయిలర్‌ను, దాన్ని పట్టుకున్న హ్యాంగర్‌ను కలిపి పీకేస్తుంది. సరైన కొలత ఇదీ: చెయిన్‌ను డిరెయిలర్‌లోకి ఎక్కించకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కలిసిన చోటు నుంచి ఇంకో అంగుళం వదిలి తెంపాలి. తర్వాత డిరెయిలర్ మీద 'ఎల్' అని రాసిన మర సరిచూడాలి. అది వదులుగా ఉంటే, సరిగ్గా ఎక్కుడు మధ్యలో చివరి గేరు వేసినప్పుడు చెయిన్ పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడుతుంది.

గేర్లు లేని సైకిల్ తప్ప వేరేది లేనివాళ్లు 18 పళ్ల ఫ్రీవీల్ తీయించి 22 పళ్లది వేయించుకోవచ్చు. చిన్న ఖర్చే. రాచకొండ దారిలాంటి పొట్టి ఎక్కుళ్లకు తేడా తెలుస్తుంది. పెద్ద ఘాట్లలో మాత్రం దిగి నడిపించక తప్పదు. దిగి నడిపించడంలో సిగ్గేమీ లేదు. పన్నెండు శాతం ఎక్కుడులో తొక్కేవాడూ నడిపించేవాడూ దాదాపు ఒకే వేగంతో పోతారు. అందుకే నడవడానికి వీలైన బూట్లు వేసుకోవాలి. అడుగున ఇనప క్లీట్లు బయటికి పొడుచుకొచ్చిన బూట్లతో రాతి మెట్లు ఎక్కలేరు.

గేరు మార్చే తీరు కూడా చెప్పాలి. చెయిన్లు తెగేది ఎక్కువగా ఎక్కుడులోనే. మలుపు తిరిగాక ఒక్కసారిగా నిటారు కనబడగానే, పూర్తి బరువు పెడల్ మీద ఉండగానే మీట నొక్కేస్తారు. లింకు పక్కకు ఒరిగి పిన్ను ఊడుతుంది. నిటారు రాకముందే మార్చాలి. ఆలస్యమైతే ఒక అర చుట్టు కాలు తేలిక చేసి మార్చాలి. చెయిన్ విప్పే పనిముట్టు, రెండు క్విక్ లింకులు (తెగిన చెయిన్‌ను కలిపే ముక్కలు) జేబులో ఉండాలి. ఆరు, ఏడు, ఎనిమిది స్పీడు చెయిన్లకు ఒకే లింకు సరిపోతుంది. తొమ్మిదికి, పదికి వేర్వేరు. లింకు తెచ్చామనుకుని సైజు సరిపడక ఊరికి నడిపించుకెళ్లేవాళ్లు ఉంటారు.

ఇక దిగుడు. మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం ఉంది, అదీ 'గాలిలో తేలిపోతున్నట్టు' అని. అదే 97 కిలోలు 300 మీటర్లు కిందికి దిగితే వదిలే శక్తి 285 కిలోజౌళ్లు. దాదాపు లీటరు కుళాయి నీళ్లను మరిగించేంత వేడి. గాలి కొంత తీసుకుంటుంది, మిగతాదంతా రెండు రిమ్ముల్లోకో రెండు డిస్కుల్లోకో పోతుంది. భయంతో మొదటి నుంచి చివరి దాకా బ్రేకు సన్నగా పట్టుకునే దిగేవాళ్లకు ఆ వేడి చల్లారే వ్యవధి ఉండదు. రిమ్ము కాలి, లోపల ట్యూబు మీద వేసిన ప్యాచ్ జిగురు కరిగి లేచిపోతుంది. ముందు చక్రంలో అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఘాట్ దిగే రోజు ముందు చక్రంలో ప్యాచ్ లేని ట్యూబే ఉండాలి. ప్యాచులున్నది వెనక్కి పోవాలి. తిన్నగా ఉన్న చోట వదిలేయండి. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, వదిలేసి, మలుపు తిరగండి. మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టొద్దు. దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండానే వేడి తెలుస్తుంది.

బ్రేకు రబ్బర్ల మీద గాడులు అరిగి నున్నగా అయితే మార్చాల్సిందే. గాడులున్నా, రబ్బరులో అల్యూమినియం ముక్కలు ఇరుక్కుని మెరుస్తుంటే మొనతో పీకేయాలి. లేకపోతే అవే రిమ్మును చెక్కేస్తాయి. వైరు డిస్కు బ్రేకుల్లో ప్యాడ్ అరిగేకొద్దీ మీట హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. కాలిపర్ (ప్యాడ్లను పట్టుకున్న భాగం) లోపలివైపు మర తిప్పి ప్యాడ్‌ను దగ్గరికి తేవాలి, వైరు ఒక్కటే బిగిస్తే కొన్నాళ్లకు ఇక బిగించడానికి ఏమీ మిగలదు. వైరు తెగేది మీట దగ్గరే, లోపల దాక్కున్న గుండు పక్కన. మీట పూర్తిగా నొక్కి టార్చి వేసి చూస్తే ఒకటి రెండు పోగులు లేచి ఉండటం కనిపిస్తుంది. ఒక్క పోగు తెగినా మార్చేయాలి. ఇనప రిమ్ము మీద రాడ్ బ్రేకులున్న పాత సైకిళ్లతో వానలో ఘాట్ దిగొద్దు. తడి ఇనుము మీద ఆ రబ్బరు పట్టదు. నడిపించుకుంటూ దిగాలి.

సామాను వీపుకు తగిలించుకోవద్దు. మన ఎండల్లో వీపు సంచి కింద చొక్కా ఆరదు, నడుము పట్టేస్తుంది. వెనక క్యారియర్‌కు ఇరుపక్కలా సంచులు, బరువైనవి అడుగున, చక్రం ఇరుసుకు దగ్గరగా. 12 కిలోలు దాటకుండా చూసుకుంటే నాలుగు రోజులకు చాలు. క్యారియర్ బోల్టులు గతుకుల్లో వదులవుతాయి. రోజూ సాయంత్రం నాలుగు మిల్లీమీటర్ల అలెన్ కీతో ఒకసారి బిగించాలి, రెండు బోల్టులు అదనంగా ఉంచుకోవాలి. బరువు వేశాక విరిగే స్పోకు దాదాపు ఎప్పుడూ వెనక చక్రానికి, చెయిన్ వైపుదే. ఆ వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. హబ్బు (చక్రంలో ఇరుసు ఉండే మధ్య భాగం) దగ్గర వంపులో తెగుతాయి. కొత్తది వేయాలంటే పళ్ల సెట్టు ఊడదీయాలి, ఆ ఊడదీసే పనిముట్టు పల్లె దుకాణంలో ఉండకపోవచ్చు. కనుక స్పోకులు రెండు మూడు, సెట్టు తీసే పనిముట్టు మీ దగ్గరే ఉండాలి. తాత్కాలికంగానైతే విరిగినదాన్ని పక్క స్పోకుకు చుట్టేసి, విరిగినదానికి అటూ ఇటూ ఉన్న రెండింటినీ అర చుట్టు వదులు చేస్తే చక్రం ఒంకర కొంత తగ్గుతుంది. ఫ్రీవీల్ మరతో బిగించే రకం హబ్బుల్లో చెయిన్ వైపు బేరింగు చాలా లోపలికి ఉంటుంది, బయట మిగిలిన ఇరుసు పొడవు మీద బరువంతా పడి అది వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. సామానుతో దూరం పోయేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. క్యాసెట్ హబ్బుతో (బేరింగు బయటి అంచు దాకా ఉండే రకం) గట్టి వెనక చక్రం ఒక్కటి కట్టించుకుంటే సైకిల్ మొత్తం మార్చనక్కర్లేదు.

టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. తెలంగాణ పల్లె దారుల్లో పంచర్ చేసేవి సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. కంప నరికి రోడ్డు పక్కన పడేసిన చోట సైకిల్ అంచుకు దించొద్దు. పంచర్ వేశాక టైరు లోపల వేలితో కాదు, దూది ఉండతో తుడవండి. విరిగిన ముల్లు మొన ఎక్కడుందో దూది పట్టిస్తుంది. అది తీయకుండా ట్యూబు మార్చితే పది నిమిషాల్లో మళ్లీ అదే కథ. సన్న ప్రెస్టా వాల్వులున్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ ఒకటి తగిలించుకోండి, ఊళ్లో పంచర్ షాపు పంపు అప్పుడే పనికొస్తుంది.

నేల గురించి హైదరాబాద్ వాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. రాచకొండ వైపు ఎర్ర చెలక నేల, గ్రానైటు గుట్టలు. వాన వెలిసిన కాసేపటికి దారి ఆరుతుంది. వికారాబాద్, పరిగి, తాండూరు వైపు నల్లరేగడి తగులుతుంది. వాన పడిన మర్నాడు మట్టిబాట పట్టారా, రేగడి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకినా పది గజాలకు మళ్లీ పడుతుంది. ఆ వైపు వానాకాలంలో తారు రోడ్డు వదలకపోవడమే తెలివి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య వేలు దూరేంత సందు ఉంచుకోవాలి.

మీ వ్యాసం ఇటలీ టస్కనీ ఫొటోతో మొదలై, మన దగ్గరా అలాంటి గుట్ట మీది ఊళ్లున్నాయని అంది. పోలిక కుదరదు, ఆ తేడా సైకిల్ తొక్కేవాడికి ముఖ్యం. అక్కడ వోల్టెర్రా, మోంటాల్చినో, శాన్ జిమిగ్నానో లాంటి ఊళ్లు నిజంగానే గుట్టల నెత్తిన ఉంటాయి. బస అక్కడే, కాబట్టి రోజు చివర, కాళ్లు అలిసిన వేళ, ఊరెక్కే నిటారు వస్తుంది. అక్కడికి పోయే మనవాళ్లు ఆ చివరి ఎక్కుడు కోసం ఓపిక, అరలీటరు నీళ్లు మిగుల్చుకోవాలి. మన దగ్గర భువనగిరిలోనైనా, దేవరకొండలోనైనా, కోయిలకొండలోనైనా కోట పైన, ఊరు కింద. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోస్తున్న భువనగిరి కోట ఒంటిరాతి గుట్ట మీద ఉంది, పైకి మెట్లే దారి. సైకిల్ కింద ఎవరికైనా అప్పజెప్పి నడిచి ఎక్కాలి. రేచెర్ల పద్మనాయకుల రాజధాని రాచకొండకైతే ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా పోతే గుట్టల నడుమ దాకా సైకిల్ మీదే వెళ్లొచ్చు. పొట్టి ఎక్కుళ్లు, పొట్టి దిగుళ్లు, ఆ తర్వాత బండల మీద నడక. తడిసిన బండ మీద సైకిల్ తొక్కొద్దు, నాచు కనబడదు. ఇంకో మాట. వోల్టెర్రా సముద్ర మట్టానికి 530 మీటర్ల పైచిలుకు, దాదాపు మన హైదరాబాద్ ఎత్తే. ఊరి ఎత్తును చూసి దారి కష్టాన్ని అంచనా వేయకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టి, మధ్యలో ఎన్నిసార్లు దిగి ఎక్కుతున్నామన్నదే లెక్క.

ఆ లెక్క వేయడం కష్టం కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు, ఒక ఎత్తు గీతకూ ఇంకో గీతకూ తేడా 20 మీటర్లు. సెంటీమీటరు దారిని ఒక గీత దాటితే నాలుగు శాతం, రెండు దాటితే ఎనిమిది, మూడు దాటితే పన్నెండు. మూడు కనిపించిన చోట నడక అని రాసుకోండి. ఫోన్లో చూపించే ఎత్తుల బొమ్మ కొండను తొలిచిన రోడ్ల దగ్గర తప్పుతుంది. రోడ్డు పక్క గట్టు ఎత్తును రోడ్డుదే అనుకుని లేని నిటారులు చూపిస్తుంది. మొత్తం ఎక్కుడు తెలిశాక, తేలిక గేరులో ప్రతి 100 మీటర్ల ఎత్తుకు పావుగంట చొప్పున కలపండి. కిలోమీటర్లను బట్టి మాత్రమే వేసిన పథకం గుట్టల్లో సాయంత్రం ఆరింటికి అడవి మధ్యలో దింపుతుంది.

అరకునే తీసుకోండి. ఎత్తు 900 మీటర్ల చిల్లర అని చూసి అంతే ఎక్కాలనుకుంటారు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక అనంతగిరి మీదుగా పోయే దారి గాలికొండ దగ్గర అరకు కంటే బాగా పైకి లేచి, మళ్లీ దిగి లోయలోకి వస్తుంది. (ఈ అనంతగిరి వేరు, మూసీ పుట్టిన వికారాబాద్ అనంతగిరి వేరు. మీ వ్యాసం కింద పెట్టిన మ్యాపులో రెండూ కలగలిశాయి.) ఎక్కడమే మూడు గంటలకు పైమాట, మధ్యలో ఆగే వేళలు కలిపితే పగలంతా. శీతాకాలంలో పొద్దున పొగమంచు ఉంటుంది కనుక వెనక ఎర్ర లైటు పగలూ వెలగాలి. దిగేటప్పుడు చేతులు చల్లబడి బ్రేకు మీట మీద పట్టు తగ్గుతుంది, పల్చటి చేతొడుగులు దాని కోసమే.

శ్రీశైలం దారి ఇంకో రకం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. అక్కడి నుంచి కృష్ణ దాకా అరవై కిలోమీటర్లకు దగ్గరగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ముందు రాత్రి అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఉండి, గేటు తీసే వేళకు నీళ్లు నింపుకుని సిద్ధంగా ఉండాలి. చీకటి పడేలోపు అవతలికి చేరాలి, అడవిలో ఆగడం, గుడారం వేయడం కుదరదు. దోమలపెంట దాటాక నదికి దిగే ఘాట్ పొడుగు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. పైన చెప్పిన బ్రేకుల సంగతంతా ఇక్కడ పనికొస్తుంది. దిగి వంతెన దాటగానే శ్రీశైలానికి మళ్లీ ఎక్కుడే. దారి పొడవునా కోతులుంటాయి. అరటిపళ్లు హ్యాండిల్‌కు వేలాడదీసుకుంటే మీదపడి లాక్కుంటాయి. తిండి మూత ఉన్న సంచిలోనే ఉండాలి.

నీళ్ల లెక్క: చల్లటి కాలంలో ఎక్కుడులో గంటకు 600 నుంచి 750 మిల్లీలీటర్లు. నల్లమల దారికి నాలుగు లీటర్లు లేకుండా గేటు దాటొద్దు. చెమట పట్టేకొద్దీ ఉత్త నీళ్లే తాగుతుంటే తలనొప్పి, వికారం మొదలవుతాయి. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, దొరక్కపోతే ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టినవి, గోపురంగా కాదు. ఊళ్లో మజ్జిగ దొరికితే అంతకంటే మంచిది లేదు. తిండి గంటకోసారి కొంచెం కొంచెం: అరటిపండు, పల్లీపట్టీ, మూటగట్టిన సర్వపిండి. హోటల్లో కడుపునిండా బిర్యానీ తిని ఘాట్ ఎక్కే సాహసం చేయొద్దు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన కాలం. మార్చి దాటితే తెల్లారుజామున తొక్కి పదింటికల్లా నీడకు చేరడం తప్ప మార్గం లేదు.

మొదటిసారి పోయేవాళ్లకు మా ఓటు వికారాబాద్‌కే. నగరం నుంచి చేవెళ్ల మర్రి చెట్ల రోడ్డు మీద సైకిల్ తొక్కమని మీ వ్యాసం అంది. చెట్లు అందమైనవే, కానీ టిప్పర్లు, బస్సులు ఒకదాన్నొకటి దాటేసుకునే ఆ రోడ్డులో కొత్తవాళ్లను దింపడం మాకు నచ్చలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ సాధనకు మంచిదే, కానీ ఘాట్ ఎక్కడం, దిగడం అది నేర్పదు. రైల్లో వికారాబాద్ జంక్షన్‌లో దిగి, అనంతగిరి ఎక్కి, కోటిపల్లి ప్రాజెక్టు చూసుకుని, ధారూర్ మీదుగా స్టేషన్‌కు తిరిగొస్తే సుమారు 50 కిలోమీటర్లు. ఒక్క పగలు చాలు, ఏదైనా చెడిపోయినా ఊరు దూరం కాదు.

రైలు అంటే సైకిల్ పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి, బ్రేక్ వ్యాన్‌లో (రైల్లో సామాను వేసే బోగీలో) వేస్తారు. గంట ముందు పోవాలి. టికెట్ చూపించాలి. పేరు, ఫోను, ఎక్కే దిగే స్టేషన్లు రాసిన అట్టముక్క రెండు చోట్ల కట్టాలి, ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. రైలు రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషన్‌కు బుక్ చేయొద్దు, దించకుండానే ముందుకెళ్లిపోతుంది. వేయకముందు చెయిన్‌ను వెనక పెద్ద చక్రం మీదికి మార్చండి, డిరెయిలర్ లోపలికి ఒదిగి దెబ్బ తగలకుండా ఉంటుంది. పెడల్స్ తీసేయండి. ఎడమ పెడల్‌ది ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక మామూలు వైపే బలంగా తిప్పి మరింత బిగించేసి క్రాంక్ మర చెడగొట్టుకుంటారు.

ఘాట్లలో లారీలతో పేచీ గురించి. ఎడమ చేతివైపు హెయిర్‌పిన్ మలుపు ఎక్కేటప్పుడు లోపలి అంచు అన్నిటికంటే నిటారు. వెనక ఏమీ రావడం లేదని చూసుకుని, అద్దం ఉంటే మరీ మంచిది, కొంచెం రోడ్డు మధ్యకు జరిగి తిరిగితే నిటారు తగ్గుతుంది. ఎదురుగా దిగే వాహనం కనబడితే మాత్రం లోపలే ఉండి, గేరు ముందే తేలిక చేసుకోవాలి. ఇరుకు కొండ రోడ్డులో ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. డ్రైవర్లకు అది గుర్తుందనుకుని మాత్రం తొక్కకండి.

గుట్టల్లో, పెంటల్లో (అడవిలోని చెంచు గూడేల్లో) ఉండే చెంచులను, అరకు వైపు ఆదివాసీలను అడగకుండా ఫొటోలు తీయొద్దని, పిల్లలకు చాక్లెట్లు పంచొద్దని మీరు రాసి ఉండాల్సింది. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకోవాలంటే సర్పంచ్‌ను అడగాలి, అన్నం పెట్టినవాళ్లకు డబ్బివ్వాలి.

చివరగా అభ్యర్థనలు. మీ పత్రిక ఇకమీదట ఏ సైకిల్ దారి గురించి రాసినా దూరంతో పాటు మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లు, అన్నిటికంటే నిటారు ఎక్కడ, చివరి నీళ్లు ఏ ఊళ్లో, గేటు వేళలేమిటి అని నాలుగు వివరాలు అచ్చువేయండి. రోడ్లు భవనాల శాఖకు మీ ద్వారా ఒక్క మనవి: ఘాట్ మలుపుల ముందు వేసే మందపాటి రంబుల్ పట్టీలను రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేయకుండా, ఎడమ అంచున మీటరు వదిలేయాలి. దిగే సైకిల్ వాటి మీద ఎగిరి బ్రేకు పట్టు కోల్పోతుంది. ఆ వదిలిన మీటరులో కొండ మీద నుంచి జారిపడే గులకరాళ్లను వానాకాలం అయ్యాక ఒకసారి ఊడ్పిస్తే చాలు.

ఇట్లు,
సైకిల్ మీద గుట్టలు తిరిగే కొందరం,
హైదరాబాద్